టైమ్ ట్రయల్ పందెమున దేహము, భంగిమ, సామగ్రి

సైకిలు పందెముల ఫలితపట్టికలో మొదటివానికిని రెండవవానికిని నడుమ కనబడు ఇరువది ముప్పది సెకనులు ఎవరి సంపాదన, తొక్కిన కాళ్లదా, వంగిన వెన్నుదా, లేక క్రిందనున్న యంత్రముదా అను ప్రశ్న టైమ్ ట్రయల్ పందెమునకు పుట్టుకతోడనే వచ్చినది. ఇన్ని దశాబ్దముల తరువాతను అది తేలిపోలేదు. గుంపుగా సాగు పందెములలో ఈ ప్రశ్నకు ఇంత పదును లేదు. అచ్చట ముందువాని చాటున చేరినవానికి గాలిదెబ్బ తగ్గును. సహచరులు కొంతదూరము ఈడ్చుకొనిపోవుదురు. తుది రెండువందల మీటర్ల ఎత్తుగడ నాలుగు గంటల శ్రమను తారుమారు చేయును. టైమ్ ట్రయల్ నందు ఒక్కొక్కరే ఒకటి రెండు నిముషముల ఎడముతో బయలుదేరి, ఎవరి చాటునను చేరక, గడియారముతోడనే పోరవలెను. శిక్షణచే సిద్ధపడి క్రీడాలోకమున ఫామ్ అని పిలువబడు దేహస్థితి, సైకిలుపై ఆ దేహము నిలుపుకొను భంగిమ, చక్రము మొదలు హెల్మెట్టు వరకు గల సామగ్రి, ఈ మూడును కలిసి ఆతని కాలమును నిర్ణయించును.

ఈ మూటిని మూడు గంపలలో వేసి విడివిడిగా తూచుట, దీనికిన్ని సెకనులు దానికిన్ని సెకనులు అని పంచిపెట్టుట, ఈ విషయమును గూర్చి వ్రాయువారిలో చాలమందికి అలవాటు. ఆ లెక్క వ్యాపారులకు అనుకూలమే గాని సత్యమునకు అనుకూలము కాదని నా నమ్మకము. దేహబలము భంగిమ గుండానే వేగమగును. సామగ్రి విలువయు అధికభాగము భంగిమకు తోడ్పడుటలోనే కలదు. కనుక ఈ ముగ్గురిలో నడిమివానిని విడిచి తక్కిన ఇద్దరి బలాబలములు చెప్పుట సాధ్యము కాదు. గడచిన ఏబది యేండ్ల ఫలితములను శ్రద్ధతో చదివినచో ఈ సంగతి స్పష్టమగును.

మొదట ఎదిరిని గుర్తింపవలెను. చదునునేలపై గంటకు 45 కిలోమీటర్లు దాటి పోవువానికి కలుగు నిరోధములో నూటికి తొంబది పాళ్లకు చేరువగా గాలిదే. టైర్లు నేలను ఒరయుట, చైను, బేరింగుల రాపిడి తక్కిన భాగమును పంచుకొనును. గాలినిరోధము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. దానిని గెలుచుటకు వలయు శక్తి ఘనమును అనుసరించి పెరుగును. అనగా వేగమును నూటికి మూడు పాళ్లు పెంచుకొనవలెనన్న, కాళ్లు ఇచ్చు శక్తిని నూటికి సుమారు తొమ్మిది పాళ్లు పెంచవలెను, లేదా గాలి కంటికి దేహమును ఆ మేరకు చిన్నది చేయవలెను. గాలికి ఎదురగు వైశాల్యమును, దేహాకృతి నునుపును కలిపి శాస్త్రజ్ఞులు ఒక్క అంకెగా లెక్కింతురు. నేర్పుగల వృత్తిక్రీడాకారునికి అది 0.22 చదరపు మీటర్లు అనుకొన్నచో, గంటకు 50 కిలోమీటర్ల వేగమున గాలికి దాదాపు 340 వాట్లు, టైర్లకు దాదాపు 40 వాట్లు వ్యయమగును. మోచేతులు కొంచెము విప్పి తల కొంచెము పైకెత్తుటచే ఆ అంకె 0.24 కు పెరిగినదా, అదే వేగమునకు మరి 30 వాట్లు కావలెను. అవి లేనివాడు 40 కిలోమీటర్ల పందెమున ఒక నిముషమునకు పైగా కోల్పోవును. పరిణతినొందిన సైక్లిస్టుకు శిక్షణవలన 30 వాట్లు కూడుటకు ఏండ్లు పట్టవచ్చును. అవే 30 వాట్లను వంచిన మెడ ఒక్క మధ్యాహ్నమున సంపాదింపగలదు.

ఈ గాలినిరోధములో నాలుగింట మూడువంతులకు తక్కువ కాని భాగము మనిషి దేహమునదే, సైకిలుది మిగిలిన భాగము మాత్రమే. ఎంత సొగసైన చట్రమును కొన్నను దానిపైన కూర్చుండునది భుజములు, తొడలు, తల గల ఒక మొద్దు ఆకారమే. కనుక వెన్నును నేలకు సమాంతరముగా పరచుట, మోచేతులను దగ్గరకు చేర్చి ముంజేతులను ముందుకు చాచుట, భుజములను చెవులవైపు ముడిచి తలను వాని నడుమ దాచుకొనుట అనువానిచే పుట్టు లాభము ఏ అంగడిలోను దొరకదు. అయితే ఇంకను క్రిందికి, ఇంకను ముందుకు అని పోవుటకు హద్దు కలదు. నడుము మరీ వంగినపుడు తొడ పైకి వచ్చు ప్రతిమారును పొట్టను తాకును, తుంటికీలు కోణము ఇరుకగును, ఊపిరి పూర్తిగా నిండదు, కాలు ఇచ్చు శక్తి తరుగును. గాలికి 20 వాట్లు మిగిల్చి కాళ్లకు 25 వాట్లు పోగొట్టిన భంగిమ చిత్రపటమున అందముగా కనబడును గాని గడియారము దానిని మెచ్చదు. కొందరికి చేతులను క్రిందికి గాక ముఖమునకు ఎదురుగా ఎత్తి పెట్టినపుడే గాలి నునుపుగా జారును. గాలిని వీచి కొలుచు విండ్ టన్నెల్ అను సొరంగములో ఒకనికి లాభించిన మార్పు పక్కవానికి నష్టము తెచ్చుటయు కలదు. భంగిమకు సార్వత్రికసూత్రము లేదు. దేహమునకు దేహమే కొలత.

పాలంపేటలో కూర్చుండి ఈ సంగతి వ్రాయువానికి భంగిమాశాస్త్రము పరాయిది అనిపింపదు. 1213 లో రేచర్ల రుద్రుడు నెలకొల్పిన రామప్పగుడి చూరుల క్రింద నల్లరాతి మదనికలు నిలిచిన తీరు చూడుడు: నడుము ఎంత వంగినను, మెడ ఎంత తిరిగినను, భారము ఏ పాదముపై నిలిచినదో, ఆ నిలుకడనుండి దేహము తరువాత ఎటు కదలగలదో తెలిసియే శిల్పి ఉలి ఆడించినాడని తోచును. కాకతీయ గణపతిదేవచక్రవర్తి గజసైన్యాధిపతియైన జాయపసేనాని ఆ శతాబ్దముననే నృత్తరత్నావళి అను నాట్యగ్రంథమున స్థానకములను, అనగా నిలుకడలను, చారులు, కరణములు అను చలనములతో జతపరచి వివరించెను. నిలుకడను చలనమునుండి విడదీసి చూడరాదను ఆ దృష్టియే సైకిలుపై భంగిమకును ప్రమాణము. నిముషమునకు తొంబది నూరుమార్లు కాలు తిరుగుచుండగా, ముప్పావుగంట సేపు, నొప్పిని భరించుచు నిలుపుకొనదగినదే భంగిమ. అద్దము ముందర అర నిముషము నిలిచినది కాదు.

ఇక చరిత్రకు వత్తము. 1989 జులై 23 న టూర్ డి ఫ్రాన్స్ చివరి అంచె వెర్సాయి నుండి పారిసు వరకు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఫ్రెంచివాడు లారెంట్ ఫినో 50 సెకనుల ఆధిక్యముతో బయలుదేరెను; అమెరికా వాడు గ్రెగ్ లెమాండ్ ఆతనికంటె 58 సెకనులు ముందుగా చేరి, మొత్తము పందెమును 8 సెకనుల తేడాతో గెలిచెను. మూడు వారములు, 3,285 కిలోమీటర్లు, తేడా 8 సెకనులు. లెమాండ్ ట్రయాథ్లాన్ వారి వాడుకలోనున్న చాపుడు హ్యాండిలు బిగించుకొని, ముంజేతులను ముందుకు చాచి, కోసుతోక గల హెల్మెట్టు ధరించెను. ఫినో మామూలు కొమ్ముల హ్యాండిలు పట్టుకొని, వట్టితలతో, జడ గాలికి ఎగురుచుండగా తొక్కెను. అది మొదలు ఆ 8 సెకనులను హ్యాండిలు ఖాతాలో వేయుట వాడుకయైనది.

ఆ కథలో సామగ్రి పాత్ర నిజమే. కాని మరి కొన్ని సంగతులు దానితోడనే చెప్పవలెను. ఫినో ముందు వెనుక రెండును ఊచలు లేక పళ్లెమువలె మూసిన డిస్కు చక్రములు వాడెను, లెమాండుకు వెనుకది ఒకటియే. వట్టి సామగ్రిలెక్కన చక్రముల విషయమున ఫినోదే పైచేయి. ఫినోకు సీటు ఒరపిడిచే పుట్టిన పుండు బాధించుచుండెను. సీటుపై కుదురుగా కూర్చుండలేనివానికి భంగిమ ఎక్కడిది? అన్నింటికంటె ముఖ్యమైనది, ఆ హ్యాండిలు చివరిరోజు దాచితెచ్చిన అస్త్రము కాదు. అదే పందెమున ఐదవ అంచెలో, 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ ను లెమాండ్ దానితోడనే గెలిచియుండెను. ప్రత్యర్థులు కన్నులార చూచిరి, ఫినో చూచియు అనుకరింపలేదు. రెండేండ్ల క్రిందట వేటలో తుపాకి గుండ్లు తగిలి చావు తప్పించుకొన్న ఆ మనిషి, గుండ్ల ముక్కలు కొన్ని దేహములోనే ఉండగా, చివరిరోజు గంటకు 54.5 కిలోమీటర్ల సగటున సాగెను. మార్గము కొంత పల్లమైనను, గాలి వెనుకనుండి వీచినను, ఆ వేగము ఒక లోహపుకడ్డీ దయ అని నేను అనలేను. ఆ కడ్డీ చేసినది ఒక్కటియే: ఒక భంగిమను సాధ్యము చేయుట.

దీనికంటె చక్కని సాక్ష్యము గంటరికార్డు చరిత్రలో కలదు. గుండ్రని ట్రాకుపై ఒంటరిగా ఒక గంటలో ఎంతదూరము పోగలడో కొలుచుట గంటరికార్డు. వాతావరణము, మార్గము, ఎత్తుపల్లములు చాలవరకు తొలగింపబడి మన మూడు కారణములే మిగులు ప్రయోగశాల అది. 1972 లో ఎడ్డీ మెర్క్స్, గాలి పలుచనైన మెక్సికో నగరపు ఎత్తున, మామూలు ఊచల చక్రములతో 49.431 కిలోమీటర్లు పోయెను. 1984 లో అక్కడనే ఫ్రాన్సెస్కో మోజర్ డిస్కు చక్రములతో 51.151 చేర్చెను, ఆనాటికి నిషేధము రాని రక్తమార్పిడి సాయమును తాను పొందితినని తరువాత ఆతడే ఒప్పుకొనుటచే, ఆ పెరుగుదలలో చక్రములదెంత, నెత్తురుదెంత అని విడదీయుట దుర్ఘటము. 1993 జులైలో స్కాట్లండు వాడు గ్రేమ్ ఓబ్రీ, బట్టలుతుకు యంత్రపు బేరింగును సైతము వాడి తన చేతులతో కట్టుకొన్న సైకిలుపై, చేతులను రొమ్ముక్రిందికి మడిచి పక్షివలె ముడుచుకొని 51.596 సాధించెను. ధనికసంస్థల ప్రయోగశాలలు చూడని దానిని పేదవాని బుద్ధి చూచినది. వారము తిరుగకముందే ఇంగ్లండు వాడు క్రిస్ బోర్డ్‌మన్ దానిని దాటెను. 1994 లో అంతర్జాతీయ సైక్లింగు సంఘము ఓబ్రీ భంగిమను నిషేధించెను. ఆతడు చేతులు రెండును నిటారుగా ముందుకు చాచిన మరియొక భంగిమ కనిపెట్టి 1995 లో ప్రపంచవిజేత యయ్యెను. ఆ భంగిమను స్వీకరించి బోర్డ్‌మన్ 1996 లో మాంచెస్టరున 56.375 కిలోమీటర్లు పోయెను. అదియు నిషేధమునకు గురియైనది.

ఇక్కడ ఆగి చూడదగిన ఘట్టము వచ్చును. 2000 లో సంఘము వెనుకకు తిరిగి, గంటరికార్డు మెర్క్స్ కాలపు సైకిలుతోడనే, క్రిందికి వంగిన హ్యాండిలుతోడనే సాధింపవలెనని విధించెను. ఆ అక్టోబరులో అదే బోర్డ్‌మన్ అదే మాంచెస్టరున పోయినది 49.441 కిలోమీటర్లు: మెర్క్స్ కంటె పది మీటర్లు ఎక్కువ, తన పూర్వపు దూరముకంటె దాదాపు ఏడు కిలోమీటర్లు తక్కువ. నాలుగేండ్లలో ఆతని దేహము కొంత తరిగియుండుననుట నిజము. వృత్తికి స్వస్తి చెప్పుచు చేసిన ప్రయత్నమది. అయినను ఒకే మనిషి, ఒకే ఊరు, ఏడు కిలోమీటర్లు! ఇంత నికరముగా భంగిమాసామగ్రుల ఉమ్మడి విలువను చూపు పరీక్ష మరియొకటి క్రీడాచరిత్రలో నాకు కనబడలేదు. ఆ ఏడింటిలో చేతులు పెట్టుకొన్న తీరుదే పెద్దభాగమని ముందు చెప్పిన లెక్క బోధించును.

2014 లో నియమములు సడలి నేటి సామగ్రికి అనుమతి వచ్చిన పిమ్మట కథ మరల వేగము పుంజుకొన్నది. 2022 ఆగస్టులో స్విట్జర్లండులోని గ్రెంచెన్ ట్రాకుపై డాన్ బిగమ్ 55.548 చేర్చెను. ఆతడు వృత్తిచే ఇంజనీరు. కాలిబలమున మేటి టైమ్ ట్రయల్ వీరులకు సాటిరాడు. గాలిని అర్థము చేసికొనుటలో వారికి గురువు. రెండు నెలలు గడువకముందే, 2020, 2021 ప్రపంచ టైమ్ ట్రయల్ విజేతయైన ఫిలిప్పో గాన్నా, ఆ బిగమ్ ఆనాడు పనిచేయుచుండిన జట్టువాడే, ఆతని పరిశోధనను తన దేహబలమునకు జతచేసి అదే ట్రాకుపై 56.792 పోయెను. శాస్త్రము ఒక సామాన్యబలుని ఎంతదూరము మోయగలదో, ఆ శాస్త్రమే అసామాన్యబలునికి చిక్కినపుడు ఏమగునో రెండు నెలలలో లోకము చూచినది. 2023 అక్టోబరులో ఈ సంఘనియమముల క్రింద గంటకు 50 కిలోమీటర్లు దాటిన తొలి మహిళగా నిలిచిన ఇటలీ వనిత విత్తోరియా బుస్సి గణితశాస్త్రమున ఆక్స్‌ఫర్డు పట్టభద్రురాలు అనునది ఇక్కడ స్మరింపదగినది.

సామగ్రి విషయమున నా తీర్పు ఇది. ఒకనికి కలిగి మరియొకనికి లేనంతకాలమే అది ఫలితమును మార్చును. 1984 లో డిస్కు చక్రము, 1989 లో చాపుడు హ్యాండిలు, 1992 బార్సిలోనా ఒలింపిక్సున బోర్డ్‌మన్ ఎక్కిన లోటస్ కార్బను సైకిలు, ఇవన్నియు మొదటి సంవత్సరము వార్తలు, మూడవ సంవత్సరము వాడుకలు. నేడు పెద్దజట్టులన్నింటికి డిస్కు చక్రము, లోతైన ముందుచక్రము, గాలిని జార్చు నేత గల బిగుతుదుస్తు, రాపిడి తక్కువగు టైర్లు, మైనము పూసిన చైను కలవు. అవి లేనివాడు ఓడును. అవి ఉన్నంతమాత్రమున ఎవడును గెలువడు. బరువు మాట మరీ తక్కువ. చదునుదారిలో ఒక కిలో హెచ్చుతగ్గులు లెక్కకు రావు. నిటారు ఎక్కుడులో మాత్రము పావుగంట ప్రయాణమునకు పది పన్నెండు సెకనుల తేడా తెచ్చును. సైకిలు 6.8 కిలోలకు తక్కువ ఉండరాదని నియమమే ఉండగా దానికొరకు ఆస్తులమ్ముకొనుట అనవసరము.

ఎక్కుడు వచ్చినపుడు దేహమే రాజు. 2020 టూర్ లో ప్లాంష్ దె బెల్ ఫీ కొండపై ముగిసిన 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ కు ప్రిమోజ్ రోగ్లిచ్ 57 సెకనుల ఆధిక్యముతో బయలుదేరి, తన దేశస్థుడే యైన ఇరువదియొక్క యేండ్ల తదేయ్ పొగాచర్ చేతిలో ఆ ఒక్క అంచెలోనే 1 నిముషము 56 సెకనులు కోల్పోయెను. పక్కకు ఒరిగిన రోగ్లిచ్ హెల్మెట్టు చిత్రము లోకమంతటను తిరిగినది. ఓటమికి అదే కారణమన్నట్లు మాటలు వచ్చినవి. ఇద్దరును కొండ మొదట సైకిలు మార్చుకొన్నవారే; ఒరిగిన హెల్మెట్టు గాలికి కొన్ని వాట్లు పన్ను కట్టినదేమో గాని, అలసిన దేహము చెల్లించినది దానికి ఎన్నో రెట్లు. 2023 లో కోంబ్లూ కొండకు 22.4 కిలోమీటర్ల దారిలో యోనాస్ వింగెగార్డ్ సైకిలు మార్చలేదు, పొగాచర్ మార్చెను. తేడా 1 నిముషము 38 సెకనులు. సైకిలు మార్పునకు పట్టు కొలది సెకనులు ఆ అగాధమును పూడ్చలేవు.

ఫామ్ అనునది బలము మాత్రమే కాదు, దానిని ఖర్చుచేయు వివేకము కూడ. తొలి రెండు కిలోమీటర్లలో ఉత్సాహము కొలది తొక్కినవాడు చివరి ఐదింటిలో వడ్డీతో చెల్లించును. ఎదురుగాలిలోను ఎక్కుడులోను కొంచెము ఎక్కువ, వెనుకగాలిలోను పల్లములోను కొంచెము తక్కువ వ్యయించువాడు అదే మొత్తము శక్తితో ముందుగా చేరును. ఈ ప్రసంగమున బాధతో చెప్పవలసినది ఒకటి కలదు: 1990 లు, 2000 ల ఫలితములనుండి ఫామ్ విలువను లెక్కించువారు జాగ్రత్తపడవలెను. 2012 లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ విజయములు రద్దగుటతో ఆ కాలపు అంకెలలో శిక్షణ ఎంత, మందు ఎంత అని తెలియనట్టి మసక ఏర్పడినది. నిజాయితీగా ఆ యేండ్లు తొక్కినవారికి జరిగిన అన్యాయమునకు ఏ సమీక్షయు పరిహారము చెప్పలేదు.

మన తెలుగునేలకు ఈ చర్చ ఎందుకు అనువారికి సమాధానము కలదు. 2002 జాతీయ క్రీడల సందర్భమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున వెలోడ్రోము అను సైకిలు పందెపు ట్రాకు వెలసినది. 2023 అక్టోబరులో హైదరాబాదు బాహ్యవలయరహదారి పక్కన సౌరఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరువబడినది. పల్లెలలో సైకిలు వాహనముగా బ్రదికిన కాలమంతయు మన కాళ్లకు బలము కొరవడలేదు; రాత్రింబగళ్లు దిగకుండ రోజుల తరబడి ఊరినడుమ సైకిలు త్రొక్కి చూపిన ప్రదర్శకులను పెద్దలు ఇప్పటికిని తలచుకొందురు. కొరవడినది కొలత. మన యెండకు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. 40 డిగ్రీల వేడిగాలి 15 డిగ్రీల చల్లగాలికంటె నూటికి ఎనిమిది పాళ్లు పలుచన. గాలి దారి ఇచ్చును. కాని దేహము తాను వెచ్చించు శక్తిలో నాలుగవ వంతుకు మించి పెడలుకు ఇయ్యలేదు. 300 వాట్లు త్రొక్కువాడు తొమ్మిదివందల వాట్లకు పైగా వేడిని పుట్టించుకొనును. యూరపున లాభించిన రంధ్రములు లేని హెల్మెట్టు వరంగల్లు వేసవిలో తలను కాచు కుంపటి యగును. కావున పరదేశపు పట్టికలను చూచి కొనకుండ, మన వాతావరణమున మన దేహములపై పరీక్షింపవలెను.

పరీక్షకు విండ్ టన్నెల్ అక్కరలేదు. ములుగు దాటి జంగాలపల్లి కూడలినుండి పాలంపేటకు చీలు దారివంటిది, గాలి లేవని వేకువ, సమతలమైన రెండు కిలోమీటర్ల భాగము చాలును. పెడలులోని శక్తిని చూపు మీటరు ఉన్నచో ఒకే వాట్లతోను, లేనిచో గుండె వేగమును ఒకే స్థాయిలో నిలుపుకొనియు, ఆ భాగమును ఇరువైపులకు పోయి వచ్చి కాలము వ్రాసికొనవలెను. టైర్ల గాలి, దుస్తు, చైను మార్పక, ఒకనాడు మోచేతుల ఎడము మాత్రము, మరునాడు హ్యాండిలు ఎత్తు మాత్రము, ఆపైన తల వంపు మాత్రము మార్చి చూడవలెను. రెండు దిక్కుల కాలములను కలిపి సరాసరి తీయుటచే గాలి పక్షపాతము చాలవరకు తొలగును. వదులు చొక్కాను బిగుతు చొక్కాగా మార్చుట అన్నింటికంటె చవుకగా దొరకు లాభము. దానిని మొదటనే తీసికొనవలెను. చాపుడు హ్యాండిలుపై చేతులున్నపుడు బ్రేకులు అందవు, తల వంచినవానికి ఎదురువచ్చు లారీ కనబడదు. కనుక జాతీయరహదారిపై ఈ భంగిమను అభ్యసింపరాదు, ఊరిదారిలోనైనను పశువులు తోలుకొనిపోవు వేళలు విడిచి, తోడుగా ఒకరిని ముందు నిలిపి మాత్రమే చేయవలెను. భంగిమ కుదిరినదనుకొన్న తరువాత కనీసము ఆరు వారములు దానిలోనే శిక్షణ పొందినగాని తుంటికండరములు దానికి అలవడవు. ఆ తరువాతనే చక్రములకొరకు ధర విచారింపవచ్చును.